పంటివేరు లోపలి త్రోవలు

పిప్పిపన్ను అను మాట వినని తెలుగు ఇల్లుండదు. చెరకును నమలి రసము మ్రింగిన పిమ్మట మిగులునది పిప్పి. లోపలి సారమంతయు పోయి పైన గుల్ల మాత్రము నిలిచిన పంటికి ఆ పేరు పెట్టినవారెవరో గాని మంచి పరిశీలకులు. పంటిని పురుగు తొలుచుచున్నదని మన పెద్దలు నమ్మిరి. సుశ్రుతుడు సైతము కృమిదంతమను పేరుతో ఒక దంతవ్యాధిని పేర్కొనెను. నేలములక గింజలను నిప్పులపై వేసి ఆ పొగను నోటిలోనికి పట్టించు వైద్యము చిరకాలము నడచినది. పంటిలో కంటికి కనబడు పురుగేదియు లేదు. కాని లోపల ఏదియో ఒక జీవి చేరి హాని చేయుచున్నదన్న ఊహ బొత్తిగా తప్పును కాదు.

1965లో అమెరికాయందు కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఎలుకలపై ఒక ప్రయోగము చేసిరి. సూక్ష్మజీవులే లేని పరిసరములలో పెంచిన ఎలుకల పళ్ళకు రంధ్రము చేసి, లోపలి మెత్తని భాగమును బయటపెట్టి అట్లే వదలివేసిరి. ఆ గాయము దానంతటదే మానెను. దానిపై గట్టి పొర యొకటి ఏర్పడెను. మామూలుగా పెరిగిన ఎలుకలలో అదే గాయము కుళ్ళి, వేరుకొన వద్ద చీముగడ్డ లేచినది. రెండు జట్లకును గాయమొక్కటే, ఆహారమొక్కటే. భేదము సూక్ష్మజీవులు ఉండుటయు లేకుండుటయు మాత్రమే. నేడు దంతవైద్యులు చేయు రూట్ కెనాల్ చికిత్సకు ఆధారమిదియే. పంటిలోపలి త్రోవలనుండి ఈ జీవులను తొలగించి, త్రోవలను మూసివేసినచో పన్ను నోటిలోనే నిలుచును. అయితే త్రోవలెన్ని, అవి ఎట్లు పోవుచున్నవి, ఎచ్చట కలియుచున్నవి అని తెలియకుండ వానిని శుభ్రపరచుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో ఒక శతాబ్దికి పైగా గడచినది. ఇప్పుడు మూడు కొలతల చిత్రములు తీయు యంత్రములు వచ్చి, ఆ వెదకులాటను చాలవరకు ఒక దారికి తెచ్చినవి.

ముందుగా పంటి కట్టడమును చూతము. మనకు కనబడునది పంటి శిరస్సు మాత్రమే. దానిపై ఎనామిలు అను తెల్లని పొర యుండును. శరీరములో దానికంటె గట్టి పదార్థము వేరొకటి లేదు. దానిక్రింద డెంటిను, పంటిలో ఎక్కువ భాగమిదియే. నడుమ ఒక గది. ఆ గదిలో రక్తనాళములు, నరములు గల మెత్తని పదార్థముండును. దానిని పల్పు అందురు. పల్పు ఆ గదితో ఆగిపోదు. చిగురు క్రింద, దవడ యెముకలో పాతుకొనిన వేళ్ళలోనికి సన్నని నాళములుగా దిగి, వేరుకొన దగ్గరనున్న చిన్న ద్వారముగుండ బయటి నరములతోను, రక్తనాళములతోను కలియును. కొన దగ్గర ఆ నాళపు వెడల్పు తరచు మిల్లీమీటరులో నాలుగవ వంతుకు మించదు. ఆ ద్వారమును సరిగా వేరుకొనయందే ఉండవలెనని నియమము లేదు. తరచు ఒక ప్రక్కకు తొలగి యుండును. పైనుండి చూచిన వైద్యునికి గది మాత్రము కనబడును గాని, ఆ క్రింది సంగతి చీకటియే.

పుస్తకములలోని బొమ్మలు చూచినవారు ఒక్కొక్క వేరులో ఒక్కొక్క గొట్టము, వెదురుబొంగు వలె తిన్నగా, నునుపుగా దిగుచున్నదని తలంతురు. అది బొమ్మ వేసినవాని సౌకర్యమే గాని సత్యము కాదు. సత్యమును తెలియగోరువారు వెదురును గాక ఏరును తలచుకొనవలెను. ఈ విషయమున చింతూరు ప్రాంతమువారికి చెప్పవలసినది తక్కువ. వారి ఊరి ప్రక్కన పారు శబరి, ఒడిశాలోని కోరాపుట్ కొండలలో కొలాబు అను పేరుతో పుట్టి వచ్చుచున్నది. మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియుచోట, మోటు దగ్గర, సీలేరు వచ్చి దానిలో కలియును. రెండును ఒకటై చింతూరు మీదుగా సాగి కూనవరము కడ గోదావరిలో పడును. గోదావరి పాపికొండల ఇరుకులోనుండి బయటపడి, ధవళేశ్వరము దాటిన పిమ్మట గౌతమిగను, వసిష్ఠగను చీలి సముద్రమును చేరును. కలియుట, చీలుట, ఇరుకగుట, మరల విప్పారుట — ఇవన్నియు మూడు వ్రేళ్ళ వెడల్పైన లేని ఒక దవడపంటిలో జరుగుచున్నవి.

ఇది కవి చేయు పోలిక వంటిది కాదు. అమెరికా దంతవైద్యుడు ఫ్రాంక్ వెర్టుచి 1984లో 2400 పళ్ళను పరీక్షించి, వేరులోని నాళముల నడకను ఎనిమిది రకములుగా విభజించెను. నేటికిని దంతవైద్య విద్యార్థులు ఆ విభాగమునే నేర్చుకొందురు. మొదటి రకములో నాళము ఒక్కటిగా పుట్టి ఒక్కటిగానే బయటపడును. రెండవ రకములో రెండుగా బయలుదేరి కొనకు రాకమునుపే ఒక్కటి యగును. అది శబరీ సీలేరుల సంగమము. మూడవ రకములో ఒక్క నాళము చీలి మరల కలియును. నడుమ మిగిలిన డెంటిను గోదావరిలోని లంకను తలపించును. నాలుగవ రకములో రెండు నాళములు మొదటినుండి తుదివరకు వేరువేరుగనే సాగును. అయిదవ రకములో ఒక్కటిగా వచ్చినది రెండుగా చీలి రెండు ద్వారములగుండ బయటపడును. ఇది ధవళేశ్వరము దిగువ గోదావరి. తక్కిన మూడును వీని కలయికలు, మూడేసి నాళములు గల వేళ్ళును. వేరుకొన దగ్గర నాళము కొన్ని సన్నని పాయలుగా విడిపోవుట కూడ కలదు. దానికి దంతవైద్యులు పెట్టుకొన్న పేరు డెల్టా! కోనసీమవారికి ఈ మాటను వివరింపనక్కరలేదు. రెండు నాళముల నడుమ అడ్డముగా సాగు పలుచని చీలికలును ఉండును. వరద వచ్చినపుడు రెండు పాయల నడుమ పల్లపు నేలలో నీరు నిలిచినట్లు, ఆ చీలికలలో చెడిన పల్పు నిలిచియుండును. పనిముట్టు అందనిచోటు అదియే.

ఇప్పుడు అసలు కష్టమునకు వత్తము. పైదవడలో ముందునుండి లెక్కింపగా ఆరవ పన్ను, అనగా మొదటి పెద్ద దవడపన్ను, ఆరేడేండ్ల వయస్సులో మొలచును. పాలపళ్ళు ఇంకను ఊడుచున్న కాలములోనే వచ్చుటచే పెద్దలు దానిని కూడ పాలపన్నే యనుకొని అశ్రద్ధ చేయుదురు. చిన్ననాటనే పుచ్చుపట్టు శాశ్వత దంతములలో ఇది ముఖ్యమైనది. దీనికి సాధారణముగా మూడు వేళ్ళు. మూడు వేళ్ళకు మూడు నాళములని ఎవరైనను లెక్క కట్టుదురు. కాని బుగ్గవైపున ముందుగానున్న వేరు అడ్డముగా చదునై యుండును; సగమునకు పైగా పళ్ళలో ఆ ఒక్క వేరులోనే రెండవ నాళము దాగియుండును. దాని ముఖద్వారము మొదటిదానికి అంగిలివైపుగా, మిల్లీమీటరో రెండు మిల్లీమీటరులో ఎడముగా, డెంటిను అంచు చాటున ఉండును. అమెరికాలో వైన్ అను వైద్యుడును అతని తోటివారును 1969లో 208 పళ్ళ వేళ్ళను కోసి చూచి ఈ సంగతిని గట్టిగా చాటిరి.

మూడు నాళములు శుభ్రపరచి, నింపి, పైన తొడుగు వేసి పంపిన రోగి కొన్ని నెలలకో, ఒకటి రెండేండ్లకో మరల వచ్చును. నొప్పి ఎక్కువ ఉండకపోవచ్చును. చిగురుపై చిన్న పొక్కు లేచి, చితికి, మరల లేచుచుండును. "రూట్ కెనాల్ చేయించినను నిలువలేదు, అది డబ్బు దండుగ" యని ఇరుగుపొరుగు అందురు. చికిత్స తప్పు కాదు; నాలుగవ త్రోవ తెరవబడలేదు. పట్టణవాసికి ఇది చికాకు మాత్రమే. చింతూరునుండి మారేడుమిల్లి ఘాటురోడ్డుమీద, రంపచోడవరము మీదుగా రాజమహేంద్రవరము పోవువానికి అట్లు కాదు. ఒక్కొక్క ప్రయాణమునకు ఒక దినపు కూలి పోవును, బస్సు ఖర్చగును, వెంట ఒకరు రావలసియుండును. అట్టివాడు మొదటి మారే విసిగి, "పీకివేయుడు" అనుటలో వింత లేదు. పీకిన పంటితో నొప్పి పోవును. కాని ఎదుటి పంటికి ఒత్తిడి లేక అది ఖాళీవైపునకు జరుగును, ప్రక్కపళ్ళు ఖాళీలోనికి ఒరగును, నమలుట రెండవ ప్రక్కకు మారును. నలువది యేండ్లకే ఒక్కొక్కటిగా దవడపళ్ళు పోగొట్టుకొనినవాడు జొన్నరొట్టెను నీళ్ళలో నానవేసికొనవలసి వచ్చును. మొదటి మారే త్రోవలన్నియు కనుగొనుటవలన మేలెవ్వరికి ఎక్కువ అనిన, దూరమునుండి వచ్చువానికే.

మామూలు ఎక్సురే ఉన్నది కదా, దానితో కనబడదా యని అడుగవచ్చును. రాంట్‌జెన్ 1895 చివర ఎక్స్ కిరణములను కనుగొనెను. కొన్ని వారములలోనే, 1896 జనవరిలో, జర్మనీలోని ఆటో వాల్క్‌హాఫ్ తన పళ్ళకే చిత్రము తీసికొనెను. అందుకై ఇరువదియైదు నిమిషములు కదలక యుండవలసి వచ్చినదట! నేడు అది సెకనులో కొంతభాగమున ముగియును. కాని ఎంత మేలైనదైనను ఎక్సురే ఒక నీడ. మునిమాపువేళ దూరమునుండి తూర్పు కనుమలను చూచినవారికి ఒక కొండ వెనుక వేరొక కొండ ఉన్నట్లు తోచదు. రెండును కలిసి ఒకే నల్లని గీతగా కనబడును. వేరులో ముందొకటి వెనుకనొకటిగా నున్న రెండు నాళములును ఎక్సురేలో అట్లే ఒకటిగా కనబడును. లోతు అను కొలత నీడలో ఉండదు.

దీనికి ఒక తెలివైన ఉపాయమును క్లార్క్ అను దంతవైద్యుడు 1910లో చెప్పెను. బస్సులో పోవుచున్నపుడు దగ్గరి కొండ వెనుకకు పోవుచు, దూరపు కొండ మనతో వచ్చుచున్నట్లు కనబడును గదా. అట్లే ఎక్సురే గొట్టమును కొంచెము ప్రక్కకు జరిపి రెండవ చిత్రము తీసినచో, అంతవరకు కలిసియున్న రెండు నాళముల నీడలు విడివడును. ఏది ఎటు జరిగెనో చూచి ఏది బుగ్గవైపుదో ఏది లోపలిదో చెప్పవచ్చును. పెద్ద యంత్రములు లేనిచోట నేటికిని ఇది చాల పనికివచ్చు పద్ధతి. చిన్న ఊరి వైద్యుడు రెండు కోణములనుండి రెండు చిత్రములు తీసినచో అనవసరపు ఖర్చని అనుకొనరాదు.

ఇక పరిశోధకులు ఏమి చేసిరి? నోటిలోనున్న పంటిని కోయరాదు గనుక, ఊడిన పళ్ళను, పీకిన పళ్ళను సేకరించిరి. జ్యూరిచ్ నగరములోని వాల్టర్ హెస్ చేసిన పని చదివిన ఎవరికైనను ముచ్చట వేయును. ఆయన వేల పళ్ళను తీసికొని, వాని నాళములలోనికి మెత్తని రబ్బరును ఎక్కించి, వేడిచే గట్టిపరచి, పంటిని ఆమ్లములో కరిగించివేసెను. పన్ను పోయి, నాళముల ఆకారము మాత్రము రబ్బరుతో మిగిలెను. కంచు విగ్రహము పోతపోయుటలో మైనము కరగి అచ్చు మిగులును. ఇచ్చట అచ్చు కరగి పోత మిగిలినది. 1925లో ఆంగ్లమున వెలువడిన ఆయన గ్రంథములోని ఆ చిత్రములను చూచి దంతవైద్యులు నివ్వెరపోయిరి. వేళ్ళవలె, వలలవలె, చిక్కుపడిన దారములవలె ఉన్న ఆ రూపములు తాము ప్రతిదినము శుభ్రపరచితిమనుకొన్న నాళములేనా యని వారికి సందేహము కలిగెను. తరువాతివారు పంటిలో రంగు నింపి, సున్నపు పదార్థమును ఆమ్లముతో తొలగించి, ఒక నూనెలో ఉంచి పంటిని గాజువలె పారదర్శకము చేయు పద్ధతిని అనుసరించిరి. వెర్టుచి చేసిన పనియు ఇట్టిదే. వీనియందు ఒక లోపము కలదు. చూచుట ముగియునప్పటికి పన్ను మిగులదు. మిగిలినను దానితో వేరొక పరీక్ష చేయరాదు. అంతకంటె ముఖ్యముగా, ఎదుట కుర్చీలో కూర్చున్న రోగి పంటిని గురించి ఇవి ఏమియు చెప్పజాలవు. సగము పళ్ళలో నాలుగవ నాళమున్నదని తెలిసినంతమాత్రమున, ఈ పంటిలో ఉన్నదా లేదా యని తెలియదు గదా.

పంటిని కోయకుండ లోపల చూచు విద్య వైద్యశాలలో పుట్టలేదు; కొంత గణితములోను, కొంత గ్రామఫోను కంపెనీలోను పుట్టినది. హిజ్ మాస్టర్స్ వాయిస్ రికార్డులు తెచ్చుకొని విన్న ఇళ్ళు మన పాఠకులలో ఎన్నియో ఉండును. ఆ రికార్డుల కంపెనీ ఇ.ఎం.ఐ. పరిశోధనశాలలోనే గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అను ఇంజనీరు సి.టి. స్కానరును నిర్మించెను. 1971 అక్టోబరు 1న లండనులోని ఒక ఆసుపత్రిలో మొదటి రోగి మెదడు చిత్రమును దానితో తీసిరి. ఒక వస్తువు నీడలను అనేక దిక్కులనుండి తీసికొనినచో ఆ వస్తువు లోపలి రూపమును లెక్కగట్టి తిరిగి నిర్మింపవచ్చునని ఆస్ట్రియా గణితజ్ఞుడు రాడన్ 1917లోనే నిరూపించియుండెను. కాని ఆ లెక్క చేయుట దీర్ఘమైన పని. దానిని త్వరగా, తేటగా చేయు మార్గమును 1971లో ప్రకటించినవారిలో మన దేశస్థులిద్దరు కలరు: జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్. వారి పేర్లలోని మొదటి అక్షరములు కలిపి రామ్-లాక్ అని పిలుచు గణన సాధనము ప్రపంచమంతట స్కానింగు గ్రంథములలో నేటికిని కనబడును. ఈ రామచంద్రన్ గారే మదరాసు విశ్వవిద్యాలయములో పనిచేయుచు, 1954లో గోపీనాథ్ కార్తాతో కలిసి కొల్లాజెన్ అను మాంసకృత్తు మూడు పేటల పురి వలె ఉండునని చెప్పిరి. డెంటినులోని సేంద్రియ పదార్థములో అధికభాగము ఆ కొల్లాజెనే. పంటి లోపలి పోగునకు రూపము చెప్పినవారే, పంటి లోపలి చిత్రమునకు లెక్కను కూడ చెప్పిరన్నమాట. హౌన్స్‌ఫీల్డునకు 1979లో నోబెలు బహుమానము వచ్చెను, కార్మాక్ అను శాస్త్రజ్ఞునితో సమముగా. మన రామచంద్రన్ గారికి ఆ గౌరవము దక్కలేదు. దక్కియుండవలసినదని అనుకొనువారు పెక్కుమంది, ఈ వ్యాసకర్తయు వారిలో ఒకడు.

ఆ పెద్ద స్కానరు పంటి నాళములకు తగినంత సూక్ష్మమైనది కాదు. దంతవైద్యమునకు తగిన యంత్రము 1990 దశకపు చివర ఇటలీలో మొజ్జో, జపానులో అరాయి మున్నగువారి కృషివలన వచ్చినది. దీనిని కోన్ బీమ్ సి.టి. అందురు. రోగి కూర్చుండగనో, నిలుచుండగనో, యంత్రపు చేయి అతని తల చుట్టు ఒక్కసారి తిరుగును. ఆ చేతికి ఒక కొనయందు కిరణముల గొట్టము, ఎదుటి కొనయందు ఆ కిరణములను పట్టు పలక ఉండును. కిరణములు శంకువు ఆకారముగా విస్తరించుటచే దానికి ఆ పేరు వచ్చినది. పది సెకండ్లు మొదలు నలువది సెకండ్ల లోపల ఆ చేయి తిరిగి వచ్చును. ఈలోపల వందలకొలది నీడలు సేకరింపబడును. గణన యంత్రము ఆ నీడలన్నిటిని కలిపి దవడను చిన్న చిన్న ఘనములుగా కట్టి చూపును. ఒక్కొక్క ఘనపు అంచు మిల్లీమీటరులో 0.075 వంతు మొదలు 0.4 వంతు వరకు ఉండవచ్చును. పిమ్మట వైద్యుడు తెరపై ఆ పంటిని అరటిదూట తరిగినట్లు అడ్డముగా, నిలువుగా, ప్రక్కనుండి, ఎట్లు కావలసిన అట్లు పొరలు పొరలుగా తీసి చూడవచ్చును. నోటిలోని పన్ను మాత్రము చెక్కుచెదరదు. బుగ్గవైపు వేరును అడ్డముగా కోసి చూపిన పొరలో నల్లని చుక్క ఒకటియా, రెండా యని చూచినచో నాలుగవ నాళపు సంగతి తేలును. రెండు చుక్కలు క్రిందికి పోవుకొలది దగ్గరై ఒక్కటియగుట కనబడినచో అది సంగమము.

దీనికి పెద్దన్న వంటి యంత్రము మరియొకటి కలదు. అది మైక్రో సి.టి. దీనిని లండనులో ఎలియట్, డోవర్ అనువారు 1982లో రూపొందించి, మొదట ఒక నత్తగుల్లను చిత్రించిరి. మిల్లీమీటరులో నూరవ వంతు వివరమైనను ఇది చూపగలదు. కాని ఒక్క పంటికి చాలసేపు, మిక్కిలి కిరణములు కావలెను గనుక పీకిన పళ్ళకే గాని మనుష్యునికి పనికిరాదు. రోగికి ఉపయోగింపని యంత్రమువలన రోగికేమి లాభమనిన, అది నేర్పిన పాఠము ఒకటి చాలును. 2001లో పీటర్స్ మున్నగువారు పైదవడపళ్ళ నాళములను శుభ్రపరచక మునుపును, పరచిన పిమ్మటను మైక్రో సి.టి.తో చూచి రెండు చిత్రములను ఒకదానిపై నొకటి పెట్టి పోల్చిరి. ఏ పనిముట్టు వాడినను నాళపు గోడలో నూటికి ముప్పదియైదు పాళ్ళు, అంతకంటె ఎక్కువయు, పనిముట్టు తాకనే తాకలేదు! గుండ్రని ఆకురాయి చదునైన చీలిక మూలలకు ఎట్లు చేరును? కావుననే వైద్యుడు నాళమును మాటిమాటికి సోడియం హైపోక్లోరైటు ద్రావకముతో కడుగును. కుర్చీలో కూర్చున్నవారికి ఇంతసేపు కడుగుటయెందుకని విసుగు కలుగవచ్చును. ఇనుము పోలేనిచోటికి నీరు పోవును, అందుకే.

మనుష్యులందరి పళ్ళు ఒకే తీరుగా ఉండవు. క్రింది దవడలోని మొదటి పెద్ద పంటికి సాధారణముగా రెండు వేళ్ళు. కొందరికి నాలుకవైపున మూడవ వేరు, వంకరగా, చిన్నదిగా ఉండును. యూరపువారిలో ఇది నూటికి అయిదుగురికైన ఉండదు. చీనా, జపాను మొదలగు తూర్పు దేశములవారిలో చాల అధికము. క్రింది రెండవ పెద్దపంటిలో నాళములన్నియు కలిసి ఆంగ్ల సి అక్షరమువలె వంగిన చీలికగా ఉండుటయు అట్లే తూర్పు దేశములలో ఎక్కువ. భారతీయుల పళ్ళపై ఇట్టి పరిశోధనలు ఈ శతాబ్దిలో మన దక్షిణాదిని ముమ్మరముగా సాగినవి. చెన్నై పరిశోధకులు 2008లో క్రింది దవడపళ్ళను, 2010లో పై దవడపళ్ళను స్కానింగుతో పరీక్షించి ఫలితములు ప్రకటించిరి. 2011లో అదే నగరమునుండి వెలువడిన మరియొక వ్యాసములో ఒకే పైదవడపంటిలో ఎనిమిది నాళములు కనుగొని చికిత్స చేసిన వృత్తాంతము కలదు. మూడనుకొనుచోట ఎనిమిది! అది అరుదైన పన్నే. కాని మూడు చొప్పున లెక్కపెట్టి ఆగిపోయినచో అయిదు నాళములు లోపలనే మిగిలియుండెడివి. చింతూరు చుట్టుపట్ల కోయలు, కొండరెడ్లు, మైదానమునుండి వచ్చి స్థిరపడినవారు, ఎగువ బస్తరునుండి వచ్చినవారు కలిసి నివసింతురు. వారికి చికిత్స చేయువాడు జ్యూరిచ్ పళ్ళ లెక్కనో, జపాను పళ్ళ లెక్కనో నమ్ముకొనుట కంటె, ఎదుటనున్న పంటిని చూచుకొనుట మేలు. మూడు కొలతల చిత్రము విలువ ఇచ్చటనే ఉన్నది: అది సగటు పంటిని గాక, ఈ మనిషి పంటిని చూపును.

వయస్సును బట్టియు మార్పు వచ్చును. ఏండ్లు గడచుకొలది పల్పు గది చుట్టు కొత్త డెంటిను పేరుకొని నాళములు సన్నబడును. గట్టి ధాన్యము నమలి, వక్క కొరికి పళ్ళు అరిగినవారిలో ఇది ఇంకను ఎక్కువ. బాలుని పంటిలో విశాలమైన త్రోవ, తాత పంటిలో జాడ తెలియని సన్ననిదై యుండును. అట్టి నాళమును వెదకుచు తప్పుత్రోవను త్రవ్వినచో వేరుగోడకు రంధ్రము పడు ప్రమాదము కలదు. ముందుగా చిత్రము చూచుకొనిన వైద్యునికి ఎచ్చట, ఎంతలోతున వెదకవలెనో తెలియును.

ఇంత చెప్పినందున పంటినొప్పి వచ్చినవారెల్ల స్కానింగునకు పరుగిడవలెనని తలపరాదు. ఎక్స్ కిరణములు ఊరక పోవునవి కావు. ప్రకృతినుండియే మనకు ఏటికి సగటున 2400 మైక్రోసీవర్టుల కిరణ ప్రభావము కలుగుచున్నది. మామూలు పంటి ఎక్సురేకు అది కొన్ని మైక్రోసీవర్టులు మాత్రమే. రెండు మూడు పళ్ళకు పరిమితమైన చిన్న కోన్ బీమ్ చిత్రమునకు సామాన్యముగా కొన్ని పదులు; తలయంతయు తీసినచో అంతకు చాల ఎక్కువ. కనుక అవసరమున్నప్పుడే, అవసరమైనంత చోటికే తీయవలెనని అమెరికాలోని దంతమూల వైద్యుల సంఘము, నోటి కిరణశాస్త్రజ్ఞుల సంఘము కలిసి 2010లో చెప్పి, 2015లో మరల ధ్రువపరచినవి. ఎదుగు పిల్లలకు, గర్భిణులకు మరింత జాగ్రత్త కావలెను. ఈ యంత్రమునకు కనుమరుగగు సంగతులును కలవు. ప్రక్కపంటికి లోహపు తొడుగున్నచో, నాళములో లోహపు పుల్ల ఉన్నచో, దాని చుట్టు తెల్లని, నల్లని చారలు లేచి చిత్రము చెడును. లేని నాళము ఉన్నట్లు, ఉన్న పగులు లేనట్లు భ్రమ కలుగును. తీయు సమయములో తల కదలినను ఇదే గతి.

అయితే ఎవరికి అవసరము? ఒకసారి రూట్ కెనాల్ చేసిన పంటికి మరల చీము పట్టినప్పుడు. రెండు కోణముల ఎక్సురేలో వేరు సంఖ్యయో, నాళము నడకయో సందేహముగా నున్నప్పుడు. వేరు మిక్కిలి వంకరగా నున్నప్పుడు. దెబ్బ తగిలి వేరు విరిగినదను అనుమానమున్నప్పుడు. తక్కిన పళ్ళలో పెక్కింటికి మంచి వెలుతురు, ఓపిక, రెండు మామూలు చిత్రములు చాలును. ముందుపళ్ళలో ఒక్క నాళమే తరచు. అయినను క్రిందిదవడ ముందుపళ్ళలో రెండవ నాళము పెక్కుమందికి ఉండుటను వైద్యులు మరచుచుందురని పెద్దలు హెచ్చరించుచునే యున్నారు.

కొండప్రాంతమునుండి చికిత్సకు బయలుదేరువారికి రెండు మాటలు. కోన్ బీమ్ యంత్రములు దంతవైద్య కళాశాలలలోను, పట్టణములలోని స్కానింగు కేంద్రములలోను ఉన్నవి. స్కానింగు అవసరమా కాదా యని వైద్యుడు చెప్పిన తరువాతనే అచ్చటికి పోవలెను గాని తిన్నగా పోయి తీయించుకొనరాదు. దవడపంటి చికిత్స ఎన్ని పర్యాయములలో ముగియునో మొదటి దినమే అడిగి తెలిసికొని, వీలైనచో ఒక్క ప్రయాణములోనే ముగియునట్లు ఏర్పాటు చేయుమని కోరుటలో తప్పు లేదు. నొప్పి తగ్గగానే మధ్యలో మానివేసిన పన్ను, తాత్కాలికముగా పెట్టిన మూత ఊడి, మొదటికంటె చెడ్డ స్థితికి వచ్చును. నాళములు నింపిన పిమ్మట దవడపంటికి తొడుగు వేయించుకొనవలెను. లేనిచో గుల్లబారిన శిరస్సు నిలువున పగులును, అట్టి పగులు వేరుదాక దిగినచో ఏ చిత్రమును ఏ వైద్యుడును దానిని నిలుపలేరు. తీసిన ఎక్సురేలను, స్కానింగు చిత్రమును, వైద్యుడు వ్రాసిన చీటిని భద్రపరచి, మరల పోవునపుడు వెంట తీసికొనిపోవలెను. ఏ నాళము పూర్తియైనదో, ఏది మిగిలినదో వానినుండియే తెలియవచ్చును. కొత్త చిత్రము తీయు అవసరము ఒక్కొక్కప్పుడు తప్పును.